పిలవని పేరంటానికి వచ్చే స్వరం

రెండు స్వరాలు కలిపి వాయిస్తే ఎవరూ వాయించని మూడో స్వరం వినిపిస్తుందని పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకే ప్రశ్న వేరువేరు మాటల్లో అడిగినవాళ్ళని ఒకచోట చేర్చాను. ‘అదంతా భ్రమ’ అని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి జవాబు మూడో ప్రశ్న దగ్గర దొరుకుతుంది.

కీబోర్డు నేర్చుకుంటున్నాను మేడమ్. ఆర్గన్ సౌండ్ పెట్టి పై ఆక్టేవ్‌లో ఏ (A) మేజర్ కార్డ్ (మూడు స్వరాలు ఒకేసారి) పట్టి ఉంచితే కిందెక్కడో గుర్రుమని చప్పుడు వస్తోంది. వాల్యూమ్ బాగా తగ్గిస్తే పోతోంది. పియానో సౌండ్‌తో అసలు రావడం లేదు. స్పీకర్ పాడైందా?

స్పీకర్ని అనుమానించే ముందు మీ చెవిని అనుమానించమ్మా. అది పాడైందని కాదు, బాగా పనిచేస్తోంది కాబట్టే ఆ చప్పుడు.

రెండు స్వరాలు గట్టిగా, నిలకడగా మోగుతుంటే ఆ రెండింటి పౌనఃపున్యాల (సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్కల) తేడా ఎంతో, సరిగ్గా అంత పౌనఃపున్యమున్న మరో స్వరం చెవిలోనే పుడుతుంది. 880, 1100 హెర్ట్జ్ మోగితే అడుగున 220 పలుకుతుంది. దీన్ని తేడా స్వరం అందాం. ఇలా పుట్టేవి ఇంకా ఉన్నాయి, అన్నిటినీ కలిపి కాంబినేషన్ టోన్లు అంటారు. లోపలి చెవిలోని కాక్లియా వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపదు. చిన్న శబ్దాన్ని బాగా పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని అంతగా పెంచదు. శబ్దాన్ని అలా వంచే ఏ ఏర్పాటులోకైనా రెండు పౌనఃపున్యాలు పంపితే వాటితోపాటు వాటి తేడాలూ మొత్తాలూ బయటికొస్తాయి. త్రికోణమితిలో రెండు కొసైన్లను గుణిస్తే ఒక కూడికా ఒక తీసివేతా వస్తాయి చూడండి, లెక్క అదే.

ఇక మీ కార్డ్. స, అంతర గాంధారం, పంచమం మూడూ శుద్ధంగా 4:5:6 నిష్పత్తిలో ఉంటే 880, 1100, 1320 అవుతాయి. పక్కపక్క స్వరాల తేడాలు 220, మళ్ళీ 220. మొదటిదానికీ మూడోదానికీ తేడా 440. అన్నీ షడ్జమమే. ఒకటి కింది స్థాయిలో, ఇంకొకటి దానికీ కింది స్థాయిలో. ఈ మూడో స్వరాలు కార్డ్‌కి ఆధారంగా కూర్చుంటాయి, మీకు వేరుగా వినిపించవు కూడా. కార్డ్ నిండుగా ఉందనిపిస్తుంది, అంతే.

మీ కీబోర్డు మాత్రం ఆక్టేవ్‌ని పన్నెండు సమాన భాగాలు చేసుకున్న యంత్రం. అందులో ఆ గాంధారం 1108.7, పంచమం 1318.5. పైన చూస్తే తేడా స్వల్పమే. అడుగున చూడండి: 880కీ 1108.7కీ తేడా 228.7. 1108.7కీ 1318.5కీ తేడా 209.8. రెండూ 220 దగ్గర కలవాల్సినవి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి. ఆ రెంటి మధ్య సెకనుకు దాదాపు 19 బీట్స్, అంటే శబ్దం అన్నిసార్లు పెరిగి తగ్గుతుంది. అంత వేగంగా కొట్టుకుంటే విడివిడి దెబ్బలుగా వినిపించదు, గరగరగా వినిపిస్తుంది. మీరు గుర్రుమంటోందన్నది దాన్నే.

పియానోలో ఎందుకు రాదంటే, సుత్తి తగలగానే శబ్దం పడిపోవడం మొదలవుతుంది. తేడా స్వరం నిలబడాలంటే పైవి గట్టిగా నిలబడాలి. పైగా పియానో స్వరంలో హార్మోనిక్స్ (అసలు పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగా తోడొచ్చే పై స్వరాలు) చాలా ఉంటాయి, వాటి సందట్లో ఇది మునిగిపోతుంది. ఆర్గన్, ఫ్లూట్ సౌండ్లు నున్నగా ఉంటాయి, అదీ మీరు పై ఆక్టేవ్‌లో వాయించారు. ఈ అతిథికి అంతకన్నా మంచి పీట ఉండదు.

స్పీకర్ని పూర్తిగా వదిలేయొద్దు లెండి. గట్టిగా పెడితే చిన్న స్పీకర్లు కూడా ఇదే వంకర పెడతాయి. ఏది ఎంతో తేల్చుకోవాలంటే రెండు ఫోన్లు తీసుకోండి. టోన్ జనరేటర్ యాప్‌తో ఒకదానిలో 2000 హెర్ట్జ్, ఇంకోదానిలో 2400 పెట్టండి. ఒక్కో స్పీకర్‌కి ఒక్కో స్వరమే కాబట్టి స్పీకర్ కల్పించడానికేమీ లేదు. అప్పుడు వినిపించే 400 మీ సొంతం. ఇప్పుడు 2400ని నెమ్మదిగా 2500 దాకా పెంచండి. 400 కాస్తా 500 వైపు ఎక్కుతుంది. శ్రద్ధగా వింటే ఇంకొకటి దానికి ఎదురుగా 1600 నుంచి 1500కి దిగుతూ ఉంటుంది. మీరు పైకి తిప్పుతుంటే కిందికి దిగే ఆ స్వరం, కింది స్వరాన్ని రెట్టించి పైదాన్ని తీసేయగా మిగిలింది. మొదటిసారి విన్నవాళ్ళెవరైనా ఫోన్ వైపు అనుమానంగా చూస్తారు. మరీ గట్టిగా, మరీ ఎక్కువసేపు పెట్టుకోకండి, ఆ స్థాయిలో స్వరాలు చెవికి అలసట.

మేజర్ కార్డ్ వెలుగులా, మైనర్ కార్డ్ నీడలా ఉండటానికి ఈ తేడా స్వరాలే కారణమని ఎక్కడో చదివాను. నిజమేనా?

సగం నిజం. ఆ సగం కూడా ఎక్కడ నిజమో చూడాలి.

శుద్ధమైన మైనర్ కార్డ్ 10:12:15. అంటే 880, 1056, 1320. తేడాలు తీయండి: 176, 264, 440. ఇందులో 440 షడ్జమమే. 264 సాధారణ గాంధారం, కార్డ్‌లో ఉన్న స్వరమే. 176 మాత్రం శుద్ధ ధైవతం. కార్డ్‌లో దానికి చోటే లేదు. పాశ్చాత్య లెక్కలో చెబితే మీరు ఏ (A) మైనర్ వాయిస్తుంటే అడుగున ఎఫ్, సి, ఏ చేరి ఎఫ్ మేజర్‌ని అల్లుతున్నాయి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో అచ్చయిన తన పుస్తకంలో దీన్నే పట్టుకున్నాడు. మైనర్ కార్డ్‌లో కలిసే ఈ పరాయి స్వరమే దాన్ని కొంచెం మసకబారుస్తుందని ఆయన వాదం. 1937లో సంగీతకర్త హిండెమిత్ ఇంకా ముందుకెళ్ళి, ఏ రెండు స్వరాల్లో ఏది మూలమో తేడా స్వరాలతోనే తేల్చేశాడు. పంచమం దూరంలో ఉంటే కిందిది మూలం, మధ్యమం దూరంలో ఉంటే పైది. చెవికి అది బాగానే సరిపోతుంది. మైనర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన సిద్ధాంతానికి కాళ్ళు తడబడ్డాయి. దాన్ని మసకబారిన మేజర్‌గా చెప్పి దాటేశాడు.

నా అభిప్రాయం అడిగితే, ఫ్లూట్లు మూడు పై స్థాయిలో మైనర్ కార్డ్ పడితే ఆ పరాయి ధైవతం స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడ ఆ వాదానికి బలముంది. అదే కార్డ్‌ని గిటారు మీద మెత్తగా మీటితేనో? తేడా స్వరాలు కింది పౌనఃపున్యాలకు దిగిపోతాయి. అక్కడ మన చెవికి చురుకు తక్కువ. తీగల అసలు స్వరాలు వాటిని కప్పేస్తాయి కూడా. అయినా కార్డ్ మైనర్‌గానే ఉంటుంది, నీడ ఎక్కడికీ పోదు. వినిపించని దాన్ని కారణమని ఎలా అంటాం?

నాకు సంగీతం రాదు, ఫిజిక్స్ వచ్చు. రెండు స్వరాల మధ్య బీట్స్ వేగం పెరిగితే మెదడు దాన్నే స్వరంగా ఊహించుకుంటుంది, అంతే కదా? లేని స్వరానికి ఇంత హడావుడి ఎందుకు?

మీ అనుమానానికి పెద్దల అండ ఉంది. ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ అనుకున్నది సరిగ్గా అదే. కానీ బీట్స్‌కి అలాంటి పౌనఃపున్యంలో శక్తి ఉండదు. శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అంతే. తేడా స్వరానికి నిజంగా ఉనికి ఉందని చూపడం తేలిక. దాని పక్కనే, దానికి ఒకటి రెండు హెర్ట్జ్ తేడాలో మరో స్వరం మెల్లగా మోగిస్తే రెండూ కలిసి ఊగుతాయి. ఊహతో బీట్స్ పుట్టవు.

ఇంతకన్నా గట్టి రుజువు 1978లో దొరికింది. చెవి శబ్దాన్ని వినడమే కాదు, తనూ శబ్దం చేస్తుందని డేవిడ్ కెంప్ చూపించాడు. దాని ఆధారంగా వచ్చిన పరీక్షల్లో ఒకటి మన విషయానికి అతికినట్టు సరిపోతుంది. చెవి రంధ్రంలో సన్నటి గొట్టం పెట్టి రెండు స్వరాలు పంపుతారు, పైది కిందిదానికి 1.22 రెట్లు ఉండేలా. అదే గొట్టంలో చిన్న మైకు ఉంటుంది. 3280, 4000 హెర్ట్జ్ పంపారనుకోండి. కాక్లియా ఆరోగ్యంగా ఉంటే మైకుకి 2560 దొరుకుతుంది. ఎవరూ పంపని స్వరం, కింది దాన్ని రెట్టించి పైది తీసేస్తే వచ్చే ఆ స్వరమే. పుట్టిన పసిపాపలకి కూడా నిద్రలో ఉండగానే ఈ పరీక్ష చేస్తారు. పాప ఏమీ ఊహించుకోనక్కర్లేదు.

హెడ్‌ఫోన్స్‌లో ఒక స్వరం ఎడమ చెవికి, ఇంకోటి కుడి చెవికి పంపి చూశాను. మూడో స్వరం మాయమైంది! ఐనా కలిసిన స్వరాలు కలిసినట్టే ఉన్నాయి. మరి పొందిక ఎక్కడినుంచి వస్తోంది?

ఈ సంచికలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. చేత్తో చేసి చూసి అడిగారు.

మాయమవ్వాల్సిందే. తేడా స్వరం పుట్టేది కాక్లియాలో. రెండు స్వరాలూ ఒకే కాక్లియాలో కలిస్తేనే అది పుడుతుంది. చెరో చెవికీ పంచితే కలిసే చోటే లేదు. తక్కువ పౌనఃపున్యాల్లో, ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్న స్వరాలు పంపితే మెత్తటి ఊగు ఒకటి మిగులుతుంది, అది మెదడు కాండంలో పుట్టేది. దాన్ని దీనితో కలపకండి.

మీ పరిశీలన పాత తగువు ఒకదాన్ని తీర్చేస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ లెక్క ప్రకారం రెండు స్వరాలు పొసగకపోవడానికి కారణం వాటి హార్మోనిక్స్ ఒకదానితో ఒకటి గరగరలాడటం. మరి హార్మోనిక్స్ లేని నున్నటి స్వరాలు? ఇక్కడే ఆయన కాంబినేషన్ టోన్లని రంగంలోకి దించాడు. నున్నటి 400, 601 మోగించండి. తేడా 201. కిందిది రెట్టించి పైది తీసేస్తే 199. రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. పైదాన్ని 600కి దించగానే రెండూ 200 దగ్గర కలిసిపోయి ఊగు ఆగుతుంది. పంచమం కుదిరిందని చెవికి తెలిసిపోతుంది. చక్కటి వివరణ. ఫెలిక్స్ క్రూగర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1900 తర్వాత సంవాదిత్వాన్నంతా, అంటే స్వరాల పొందికనంతా, తేడా స్వరాల మీదే నిలబెట్టబోయాడు.

నిలబడలేదు. 1965లో డచ్ పరిశోధకుడు ప్లాంప్ కొలిచి చూస్తే మామూలు తేడా స్వరం వినిపించాలంటే అసలు స్వరాలు బాగా గట్టిగా ఉండాలని తేలింది. మెల్లగా వాయించే సంగీతంలో దాని పాత్ర స్వల్పం. మెల్లగా వాయించినా పంచమం పంచమమే కదా. అదే సంవత్సరం ప్లాంప్, లెవెల్ట్ ఇద్దరూ కలిసి నున్నటి స్వరాల గరుకుదనం అసలు ఎక్కడుందో చూపించారు: రెండు స్వరాలు కాక్లియాలో మరీ దగ్గర చోట్ల పడి ఒకదాన్నొకటి నెట్టుకుంటే గరుకు, దూరమైతే నునుపు. ఆ తర్వాత 2010లో మెక్‌డెర్మట్ బృందం మనుషుల ఇష్టాల్ని పోల్చి చూసింది. పొందికైన కార్డ్‌లు ఎక్కువ ఇష్టపడేవాళ్ళు, ఒకే మూలానికి గుణిజాలుగా వచ్చే స్వరాల వరసనీ ఎక్కువ ఇష్టపడ్డారు. గరుకుదనం మీద అయిష్టానికి అంత సంబంధం కనిపించలేదు. అంటే చెవి వెనకాల మెదడు ‘ఇవన్నీ ఒక ఇంటివేనా’ అని చూస్తోందన్నమాట. చెరో చెవికి పంచినా మీకు పొందిక తెలిసింది అందుకే. 2016లో అదే మెక్‌డెర్మట్ బృందం బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజలకు వినిపిస్తే, పొసిగిన కార్డ్ అయినా పొసగని కార్డ్ అయినా వాళ్ళకి ఒకేలా నచ్చింది. గరుకుదనం మాత్రం వాళ్ళకీ నచ్చలేదు. కాబట్టి అలవాటుకీ ఇందులో పెద్ద వాటా ఉంది.

ఇంతకీ తేడా స్వరం పాత్రేమిటి? నా లెక్కలో అది సాక్షి. స్వరాలు కలవడానికీ కలవకపోవడానికీ అది కారణం కాదు. కలిశాయో లేదో మాత్రం అది చెప్పేస్తుంది, అదీ గట్టి గొంతుతో నిలకడగా మోగుతున్నప్పుడు.

800, 1000, 1200 హెర్ట్జ్ కలిపి వింటే 200 వినిపిస్తుంది. ఇదీ తేడా స్వరమేనా?

కాదు. దీన్ని మెదడు కడుతుంది. మూడిటినీ 30 చొప్పున పెంచి 830, 1030, 1230 పెట్టండి. తేడా ఇంకా 200 దగ్గరే ఉంది. కానీ వినిపించే శ్రుతి కొంచెం పెరిగి 206 దరిదాపుల్లోకి వస్తుంది. తేడా స్వరమైతే కదలకూడదు. ఇంకో గుర్తు: అడుగున హోరు పెట్టి తేడా స్వరాన్ని కప్పేయొచ్చు, దీన్ని కప్పలేం. మెల్లగా వినిపించినా ఇది ఉంటుంది. చిన్న ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటారు మీకు తెలుస్తోందంటే చాలావరకు దీని పుణ్యమే.

డిస్టార్షన్ పెట్టి పవర్ కార్డ్ వాయిస్తే పర్వతంలా ఉంటుంది. అందులో గాంధారం కలిపితే బురదలా అయిపోతుంది. ఏం పాపం చేసింది గాంధారం?

మీ ఆంప్లిఫయర్ మీ చెవి చేసే పనినే వందరెట్లు గట్టిగా చేస్తోంది బాబూ. ఇక్కడ కాంబినేషన్ టోన్లు చెవిలో కాదు, స్పీకర్లోంచే వస్తాయి, అందరికీ వినిపిస్తాయి. పవర్ కార్డ్ అంటే మూల స్వరం, దాని పంచమం, అంతే: అడుగు తీగ మీద ఈ (E) స్వరం 82.4, దాని పంచమం 123.5. తేడా 41.1, అంటే మీ మూల స్వరమే ఒక ఆక్టేవ్ కింద. వేరే బేస్ లేకపోయినా ఉన్నట్టుంటుంది. ఇప్పుడు 103.8 దగ్గర గాంధారం పెట్టండి. ఒక పక్క 21.4, ఇంకో పక్క 19.7. స్వరంగా వినడానికి మరీ తక్కువ, ఊరుకోవడానికి మరీ ఎక్కువ. పైగా ప్రతి హార్మోనిక్‌కీ ప్రతి హార్మోనిక్‌తో ఇదే పేచీ. గాంధారం కావాలంటే డిస్టార్షన్ తగ్గించండి, లేదా ఆ స్వరాన్ని వేరే గిటారుకీ వేరే ఆంప్లిఫయర్‌కీ ఇవ్వండి. ఒకే ఆంప్లిఫయర్‌లో కలవకపోతే గొడవ ఉండదు.

రెండు స్వరాల తేడాతో పాటు మొత్తం కూడా పుడుతుందన్నారు. అది ఎందుకు వినిపించదు?

పుడుతుంది. 1856లో హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని బయటపెట్టాడు. కింది స్వరాలు పైవాటిని తేలిగ్గా కప్పేస్తాయి, పైవి కిందివాటిని అంతగా కప్పలేవు. మొత్తం ఎప్పుడూ పైనే పడుతుంది కాబట్టి మరుగున పడిపోతుంది.

వయొలిన్ మీద రెండు తీగలు కలిపి వాయించేటప్పుడు శ్రుతి సరిగ్గా కుదరడం లేదు. మూడో స్వరాన్ని వాడుకోవడం ఎలాగో నేర్పండి.

నేను నా శిష్యులకి నేర్పేదీ ఇదే. ఈ దారి నాది కాదు, మూడు వందల ఏళ్ళ నాటిది. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు తార్తీని ఈ స్వరాన్ని 1714లో విన్నానని తర్వాత రాసుకున్నాడు. ‘మూడో స్వరం’ అని దానికి పేరు పెట్టి శిష్యులకు శ్రుతి చూసుకోవడానికి దాన్నే నేర్పాడు. ఆయన పుస్తకం 1754లో వచ్చింది. ఈలోగా 1745లోనే సోర్గ్ అనే జర్మన్ ఆర్గన్ విద్వాంసుడు దీని గురించి అచ్చులో రాశాడు. ఎవరు ముందన్న తగువు మనకెందుకు, వేలు ఎక్కడ పెట్టాలో చూద్దాం.

పై తీగ 660 దగ్గర ఉందనుకోండి, దాన్ని వదిలేసి వాయించండి. పక్క తీగ మీద వేలు పెట్టి 550 పట్టండి. కమాను నిండుగా, నిలకడగా లాగండి, వైబ్రేటో (వేలు ఊపడం) వద్దు. అడుగున 110 పలకాలి. పై తీగకి సరిగ్గా రెండు ఆక్టేవ్‌ల కింద, దానికీ ఒక పంచమం దిగువన ఉండే స్వరం అది. ఎడమ చెవి వయొలిన్ పక్కనే ఉంటుంది కాబట్టి వాయించేవాళ్ళకే బాగా వినిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అంతగా వినిపించదు. మొదట్లో నా దగ్గరికొచ్చే పిల్లలు వాయించడం ఆపేసి, ‘మేడమ్, ఎక్కడో ఫ్యాన్ గుయ్యిమంటోంది’ అంటారు. కమాను ఆపగానే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. ఇక ఆ పూట వేరే పాఠం ఎక్కదు.

ఇప్పుడు ఆ వేలు కొంచెం వెనక్కి జరిగి 545 పలికిందనుకోండి. పైన తేడా ఒక శాతం కూడా కాదు, అరస్వరంలో (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల దూరంలో) ఆరో వంతు. చాలామంది చెవికి అది ఆనదు. అడుగున మాత్రం 110 కాస్తా 115 అయింది. అరస్వరంలో ముప్పాతిక వంతు! ఇది శ్రుతికి భూతద్దం. పైనున్న స్వరాల్ని వినకండి, అడుగున ఉన్నదాన్ని వినండి. వేలు ముందుకి జరిపితే అది దిగాలి, వెనక్కి జరిపితే ఎక్కాలి. ఈ తిరకాసుకి చేయి అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.

ఒక్క జాగ్రత్త. అడుగు 110ని షడ్జమం అనుకుంటే 550 దాని గాంధారం. ఇలా కుదుర్చుకున్న గాంధారం కీబోర్డులోని గాంధారం కన్నా కొద్దిగా తక్కువగా ఉంటుంది, దాదాపు అరస్వరంలో ఏడో వంతు. పక్కన కీబోర్డు వాయిస్తుంటే దాని శ్రుతికే వెళ్ళండి. ఒంటరిగానో, మరో వయొలిన్‌తోనో వాయిస్తున్నప్పుడు మాత్రం కీబోర్డుని మూసేసి అడుగు స్వరం చెప్పిన చోటే వేలు పెట్టండి.